పెళ్ళిలో దొర, కొలువులో దొర

తూరుపు కొండల మీద పొద్దు పొడుస్తుండగా రేచన ఈతలదిన్నె పొలిమేరలో అడుగుపెట్టాడు. పిట్ట అనే అతని గుర్రం నోట నురగ కక్కుతోంది. శోణగిరి రాజ్యానికి రాజధాని అయిన హంసవేది నుంచి గొడ్డలికనుమ మీదుగా ఎక్కడా ఆగకుండా వచ్చాడతను. ఊళ్ళో పెళ్ళిమేళం మోగుతోంది.

రేచన గుర్రాలు మేపుకునేవాడు. మేపిన గుర్రాలను రాజుగారి లాయానికి తోలడం, తిరిగి రావడం అతని పని. పది మాటలు పట్టే చోట రెండు మాటలతో సరిపెడతాడు. అలాంటివాడు పెళ్ళిపందిట్లోకి గుర్రంతో సహా చొరబడి, వియ్యాలవారి బంతిని దాటుకుంటూ వెళుతుంటే అందరూ తినడం ఆపి చూశారు.

పందిరి నడుమ మేఘరాయుడు ఉన్నాడు. నెమలిమెడ రంగు తలపాగా, దాని కొసన వెండిజరీ కుచ్చు, చెవులకు దానిమ్మగింజల్లాంటి ఎర్రరాళ్ళ పోగులు, మోకాళ్ళదాకా జారిన పట్టుకండువా, చిరునవ్వు కింద వంపు తిరిగిన మీసం. అంత అలంకారంలోనూ చంకలో ఎవరిదో పసిబిడ్డ, చేతిలో ఎవరి విస్తరిలోదో ఒక బూరె. తంగేడు నాడు అనే సీమకు ఆయన పెద్ద. నాటిజనం చేతులెత్తి ఎన్నుకున్న దొర. శోణగిరిలో ఇలాంటి నాళ్ళు తొమ్మిది ఉన్నాయి. నాటికొక పెద్ద చొప్పున తొమ్మిదిమంది హంసవేదిలో తొమ్మిది రాతిపీఠాల మీద కూచుని రాజ్యం సంగతులు తేల్చాలి. దానికే తొమ్మిదిరాళ్ళ కొలువని పేరు. మిగిలిన ఎనిమిది రాళ్ళూ కూచునీ కూచునీ అద్దాల్లా నున్నబడ్డాయి. తంగేడు నాటి రాయి మాత్రం కొండ నుంచి తెచ్చిన రోజున ఎంత గరుకో ఇప్పటికీ అంతే గరుకు.

"దొరా, మీరు హంసవేదిలో ఉన్నారు," అన్నాడు రేచన.

మేఘరాయుడు బూరె నమిలి మింగాడు. "లేను కదా!"

"ఉన్నారు. కొలువులో కూచున్నారు. నిన్న నా కళ్ళతో చూశాను."

పందిరంతా గొల్లున నవ్వింది.

"ఒరే, దోవలో ఎక్కడ తాగొచ్చావురా?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ. "మన దొరేంది, కొలువులో కూచోడమేంది?"

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు రేచన. "భేరి కొట్టకముందే వచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. ఇంకొకరు మాట్లాడుతుంటే చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా ఆవులించలేదు. అప్పుడే నాకు అనుమానం తగిలింది."

నవ్వులు ఆగిపోయాయి. బంతిలో ఒక పెద్దాయన చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "దొర మీద ఇంత నింద వేస్తావా? ఆయన కొలువుకు పోతే మా పెళ్ళిళ్ళకు ఎవరొస్తార్రా? మా నాయన పోయినప్పుడు పాడె పట్టింది ఎవరు? కొలువా?"

"నిజమే. ఆ కొలువు యాడుందో ఏమో, దొర మాత్రం మా ముందరున్నాడు," అంది వెనకనుంచి ఒకామె.

రేచన మేఘరాయుడి కళ్ళలోకి చూసి ఒక్క మాటే అన్నాడు. "వెన్నేరు, దొరా."

తంగేడు నాటికి ఉన్నది ఒక్కటే ఏరు. గొడ్డలికనుమలో పుట్టి ఈతలదిన్నె పెరళ్ళ వెనకగా పారుతుంది. ఆ ఏటి మీద మాంత్రికుడు తామ్రాక్షుడి కన్ను పడి చాలాకాలమైంది. కనుమకు అవతల వాడు కట్టుకున్న రాగికోట చుట్టూ లోతైన కందకం ఉంది. వెన్నేరు దానిలోకి మళ్ళితే ఆ కోటను కొట్టగల రాజు భూమ్మీద ఉండడు. అయితే ఏ నాటి ఏరు మళ్ళించాలన్నా ఆ నాటి పెద్ద తన పీఠం మీద కూచుని 'సమ్మతం' అనాలి. అది రాజు కూడా మీరలేని కట్టడి. తామ్రాక్షుడు ప్రతి పున్నమి కొలువుకూ వచ్చి అడుగుతూనే ఉన్నాడు. తంగేడు పీఠం ఖాళీగా ఉండడం వల్ల సంగతి వాయిదా పడుతూనే ఉంది. మేఘరాయుడు వెళ్ళకపోవడం వల్లే ఏరు నిలిచిందని నాటిజనం మురిసిపోతూ చెప్పుకునేవారు. పోయిన ఏడు దానికొక ఉత్సవం కూడా చేశారు.

"పీఠం మీద మీ రూపం కూచుంది," అన్నాడు రేచన. "మిమ్మల్ని అక్కడ చూసినవాళ్ళు లేరు. అందుకే ఎవరూ అనుమానించలేదు. సభాపతి అయితే మురిసిపోతున్నాడు. ఇవాళ పొద్దువాలేలోగా ఏటి సంగతి అడుగుతారు. వాడు సమ్మతం అంటాడు."

మేళగాళ్ళు సన్నాయిలు దించారు. ఇళ్ళ వెనక వెన్నేరు రాళ్ళమీద పారే చప్పుడు పందిట్లోకి వినిపించింది. రోజూ వినేదే. ఆ పూట మాత్రం ఒక్కొక్కరూ తలతిప్పి విన్నారు.

మేఘరాయుడు చంకలోని బిడ్డను తల్లికి అందించాడు. "వాడు నాకంటే బాగున్నాడా?"

"అచ్చం మీలాగే ఉన్నాడు. తలపాగా ముడి మాత్రం సరిగ్గా ఉంది."

"చూస్తాను వాడి పని!" అంటూ మేఘరాయుడు ఒక్క ఉదుటున పందిరి గుంజ పట్టుకుని, గాలిలోనే తిరిగి, అవతల కట్టేసిన తన తెల్లగుర్రం మీద వాలాడు. జనం ఈలలు వేశారు. వాళ్ళు ఈలలు వేస్తారని ఆయనకు తెలుసు. ఇంకొకసారి చేసి చూపించేవాడే గాని రేచన కళ్ళెం పట్టుకుని ముందుకు లాగాడు.

"ఆగు నాయనా!" అంటూ ఒక ముసలమ్మ కంచరగాడిద ఎక్కి అడ్డమొచ్చింది. ఆమె ఓబులవ్వ, పెళ్ళికూతురు చెంగలువకు అమ్మమ్మ. భుజాన సొరకాయబుర్ర నిండా వెన్నేటి నీళ్ళు. వేరే నీళ్ళు తాగితే ఆమెకు దగ్గు వస్తుంది. "రేవులో దాటురాళ్ళు వేయిస్తానన్నావు. జారి నడుములు విరగ్గొట్టుకుంటున్నాం."

"చూద్దాం అవ్వా!"

"నా మనవరాలు ఉయ్యాల్లో ఉన్నప్పుడు అడిగితే చూద్దామన్నావు. ఇయ్యాల దాని తలంబ్రాలు. ఇంక నేను నీ వెంటే వస్తా. నువ్వు కొలువులో కూచోడం, నేను అడగడం, రెండూ ఒక్కరోజే అయిపోవాల."

"ఏరే పోయేట్టుంటే దాటురాళ్ళు ఎందుకవ్వా?"

"అందుకే ముందు ఏరు నిలబెట్టు," అంది ఓబులవ్వ, గాడిదను అదిలిస్తూ.

ముగ్గురూ బయలుదేరారు. దారిలో తగిలిన ప్రతి ఊరూ మేఘరాయుణ్ణి ఆపింది. ఒకచోట గేదెకు పాలు దిగడంలేదని, ఇంకొకచోట అల్లుడు కాపురానికి తీసుకుపోవడంలేదని, మరొకచోట కోనేటి గట్టు తెగిందని చెప్పుకున్నారు. ఆయన గేదె మెడ నిమిరాడు, అల్లుణ్ణి తిట్టాడు, గట్టు మీద నిలబడి అయ్యో అన్నాడు. అందరికీ చూద్దాం అన్నాడు. అంతమాత్రానికే వాళ్ళ మొహాలు వికసించాయి. రేచన ప్రతిచోటా కళ్ళెం లాగుతూ పోయాడు. ఆలస్యమవుతున్నందుకు కోపగించుకుందామనుకున్నాడుగాని, ఆ గట్టు మీది ముసలివాడు కళ్ళు తుడుచుకుని నవ్వడం చూశాక అతనికి కోపం నిలవలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గొడ్డలికనుమ చేరారు.

అక్కడ వాళ్ళకొక వింత ఎదురైంది. ఎప్పుడూ బోడిరాళ్ళూ బ్రహ్మజెముడూ తప్ప కనిపించని ఆ కనుమలో ఒక మహోత్సవం సాగుతోంది. ఆకాశాన్ని అంటే మకరతోరణం, దానికి మాణిక్యాల గుత్తులు, ఇరువైపులా ముత్యాల అంబారీలతో ఏనుగుల బారు, బంగారు పళ్ళేల్లో కర్పూరం వెలిగించుకుని వందలమంది వన్నెలాడులు, వీణలు, వేణువులు, వాటికి మించి జనం. కొండచరియలన్నీ జనమే. అందరి నోటా ఒకే మాట.

"జయము మేఘరాయా! జయము జయము!"

మేఘరాయుడి గుర్రం తనంతట తానే ఆగిందో, ఆయనే ఆపాడో తెలియదు. దిగనే దిగాడు. మీసం సవరించుకుని తోరణం వైపు నడక సాగించాడు.

"దొరా, పొద్దు పోతుంది," అన్నాడు రేచన.

"ఒక్క దండ వేయించుకుని వస్తా. పాపం, ఎంతసేపటినుంచి ఎదురుచూస్తున్నారో!"

రేచన గుర్రం దిగలేదు. పిట్ట చెవులు వెనక్కు వాలాయి. అతను చుట్టూ చూశాడు. బెల్లం ముక్కల పళ్ళెం మీద ఒక్క ఈగ లేదు. అన్ని ఏనుగులు నిలబడ్డ చోట ఒక్క లద్దె లేదు. అంతమందిలో ఒక్క పిల్లవాడూ ఏడవడంలేదు. అప్పుడు ఓబులవ్వ అతని పక్కకు గాడిదను తోలుకొచ్చి మెల్లగా అంది.

"అబ్బీ, ఈ ఊళ్ళో ఎవరికీ కష్టాల్లేవా? వచ్చినప్పట్నించీ జయం జయం అంటున్నారు. ఒక్కరైనా ఆయన్ని ఏమీ అడగలేదు."

ఆ మాట పూర్తికాకముందే రేచన నడుముకున్న తాడు విప్పాడు. అడవిగుర్రాలను పట్టే తాడు అది. "దొరా! నిలవండి!" అని అరిచాడు. ఆ జయధ్వానాల్లో మేఘరాయుడికి ఆ కేక వినిపించలేదు. దండ వేయించుకోవడానికి తల వంచి ఇంకొక అడుగు వేశాడు. ఉచ్చు గిర్రున తిరిగి వెళ్ళి ఆయన నడుముకు బిగిసింది. మరుక్షణం తోరణం మాయమైంది. ఏనుగులు లేవు, వన్నెలాడులు లేరు. మేఘరాయుడు పాతాళంలాంటి లోయ మీద, నడుముకు ఒక తాటితో, తలకిందులుగా ఊగుతున్నాడు.

పిట్ట నాలుగు కాళ్ళూ నేలలో తన్నిపెట్టి వెనక్కు నడిచింది. దొర ఒడ్డున పడ్డాడు. కాని కొండచరియల మీది జనం అంతటితో పోలేదు. ఒక్కొక్క మనిషీ ముక్కలై రాగిరంగు మిడతలుగా మారాడు. ఆకాశం కంచుపళ్ళెంలా మోగింది. మిడతల దండు బుస్సున వాళ్ళ మీదికి దిగింది. వాటి రెక్కలు తగిలిన బ్రహ్మజెముడు మట్టలు కత్తితో కోసినట్టు తెగిపడుతున్నాయి.

మేఘరాయుడు పిరికివాడు కాదు. కత్తి దూసి, కండువాను ఎడమచేతికి డాలులా చుట్టుకుని, ఓబులవ్వ ముందు నిలబడ్డాడు. "అవ్వా, నా వెనక ఉండు!" అంటూ చక్రంలా తిరిగాడు. కత్తి తిరిగిన మేర మిడతలు రాలాయి. రాలినవాటికి రెట్టింపు దిగాయి.

"ఏటి పుట్టుకకు! ఆ దుముకుడుకు!" అని అరిచాడు రేచన.

గుర్రాలు రెండూ గాడిదా పడుతూ లేస్తూ పరుగెత్తాయి. బండసందులోంచి వెన్నేరు తెల్లటి తెరలా దూకుతున్న చోటికి వచ్చి ముగ్గురూ ఆ నీటి వెనక దూరారు. తరుముతూ వచ్చిన దండు ఆ తెరకు తగిలింది. తగిలిన ప్రతి మిడతా చప్పబడి, రాగిరేకై, టంగుటంగుమని బండల మీద రాలింది. చూస్తుండగానే మడుగంతా రేకులతో నిండిపోయింది. తక్కినవి తోకముడిచాయి.

ఓబులవ్వ ఒక రేకు తీసి చూసి పారేసింది. తన సొరబుర్ర వంపేసి, ఏటి పుట్టుకలో నీళ్ళు కొత్తగా నింపుకుంది.

"నా జనం అనుకున్నానే," అన్నాడు మేఘరాయుడు తడిసిన మీసం పిండుకుంటూ.

"మన జనమైతే నీ కండువా పట్టుకుని ఏదో ఒకటి అడిగేవాళ్ళే," అంది అవ్వ.

పొద్దు పడమటికి తిరిగింది. కనుమ దిగితే హంసవేది. తెల్లరాతి ప్రాకారాలు, వాటి మీద పావురాల గుంపులు తిరిగినట్టు తిరిగే జెండాలు, తామరకొలనుల మధ్యగా సాగే రాచబాట, ఆ బాట చివర తొమ్మిది శిఖరాల కొలువుకూటం. ప్రతి శిఖరం మీదా ఒక్కొక్క నాటి గుర్తు. తంగేడు నాటి శిఖరం మీది బంగారుపువ్వు లోపల కాకి గూడు కట్టింది.

ద్వారం దగ్గర ఈటె పట్టుకున్న భటుడు అడ్డం నిలిచాడు.

"తప్పుకో. నేను తంగేడు నాటి మేఘరాయుణ్ణి," అన్నాడు దొర.

భటుడు ఆయన్ని తలనుంచి పాదాలదాకా చూశాడు. "వేషం బాగానే కట్టావుగాని, మేఘరాయుడుగారు లోపలున్నారు. పొద్దున్నే వచ్చారు. పోతూ పోతూ నన్ను పేరు పెట్టి పలకరించారు కూడా. నువ్వెవరు?"

"నన్ను ఎరగవా?" తంగేడు నాట్లో కుక్కలు కూడా ఆయన్ని చూసి తోకాడిస్తాయి. తనను ఎరగని మనిషి ఎదురవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"ఎప్పుడైనా చూసివుంటే కదా ఎరగడానికి?" అన్నాడు భటుడు.

రేచన దొర భుజం మీద చెయ్యివేసి పక్కకు లాక్కుపోయాడు. వినతి చేసుకునే ముసలివాళ్ళను ఆపరాదని ఆ కొలువుకు కట్టడి ఉంది. ముసలివారికి గొడుగు పట్టేవాడొకడు, చెయ్యిపట్టి నడిపించేవాడొకడు వెంట వెళ్ళవచ్చు. గుర్రాలు తోలుకొచ్చినప్పుడల్లా రేచన ఆ తంతు చూసేవాడు.

"తలపాగా తీయండి. పోగులు కూడా."

"పోగులు కూడానా?"

"మీసం కిందికి దువ్వండి."

మేఘరాయుడు తలపాగా తీసేసరికి మనిషిలో సగం తగ్గాడు. పోగులు తీసేసరికి మిగిలిన సగంలో కొంత పోయింది. దొర రేచన ఇచ్చిన కంబళి కప్పుకుని, ఓబులవ్వ నెత్తిన తాటాకు గొడుగు పట్టుకుని, ఆమె వెనకే నడిచాడు. రేచన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. భటుడు ఈటె పక్కకు తీశాడు. "ఏయ్, గొడుగు సరిగ్గా పట్టు. ముసలమ్మ మొహానికి ఎండ తగులుతోంది," అని గదిమాడు కూడా.

కూటం లోపల నీలపురాతి కప్పు కింద తొమ్మిది పీఠాలు అర్ధచంద్రాకారంగా ఉన్నాయి. ఎత్తు గద్దె మీద సభాపతి విరూపశర్మ. ఒక స్తంభాన్ని ఆనుకుని తామ్రాక్షుడు నిలబడి ఉన్నాడు. కాలిన రాగి రంగు కళ్ళు, మోకాళ్ళు దాటిన జడలు, వేలివేలికీ ఉంగరం, మొహాన ఎంతో వినయం. గరుకురాయి మీద మేఘరాయుడి రూపం కదలకుండా, రెప్పవేయకుండా కూచుని ఉంది.

"తంగేడు నాటినుంచి వినతి," అని ద్వారంలోంచి పిలుపు వినబడింది.

ఓబులవ్వ ముందుకు వెళ్ళింది. ఆ రూపాన్ని చూసింది. వెనక గొడుగు పట్టుకున్నవాణ్ణి చూసింది. గొంతు సవరించుకుంది.

"నాయనా, మా రేవులో దాటురాళ్ళు కావాల."

పీఠం మీది రూపం చేతులు జోడించింది. "అవ్వా, మీ వినతి న్యాయమైనది. ఇన్నాళ్ళు ఆలస్యమైనందుకు మన్నించాలి. వచ్చే పున్నమి కొలువులో నేనే ఈ సంగతి ఎత్తుతాను. బండలు ఎర్రగుట్టనుంచి తెప్పిస్తాను. వానలకు ముందే పని ముగిసేట్టు నేనే వచ్చి దగ్గరుండి చూస్తాను."

సభాపతి విరూపశర్మ చెమర్చిన కళ్ళు ఒత్తుకున్నాడు. "పెద్ద అంటే ఇలా ఉండాలి!" అని పక్కవాళ్ళతో అన్నాడు.

ఓబులవ్వ కూడా పమిటచెంగు కళ్ళకు అద్దుకుంది. "నా జన్మలో నాకింత చక్కగా ఎవరూ బదులు చెప్పలేదురా రేచనా," అని గుసగుసలాడింది. "ఈయన్నే ఉంచుకుంటే పోలా?"

గొడుగు వణికింది.

"ఏటి సంగతి అడుగవ్వా," అన్నాడు రేచన.

"ఆ, మరి మా ఏరో నాయనా?"

"ఏరు తామ్రాక్షులవారి కందకానికి పోతుంది," అంది ఆ రూపం అదే మర్యాదతో. "దాటురాళ్ళు మాత్రం తప్పకుండా వేయిస్తాను."

అవ్వ కళ్ళు అప్పటికప్పుడే ఆరిపోయాయి. "ఏరు లేనిచోట రాళ్ళు నా నెత్తినేసుకోనా!" అంటూ సొరబుర్ర ఎత్తి నీళ్ళు దాని మొహాన కుమ్మరించింది.

సుయ్యిమని పొగ లేచింది. తలపాగా కరిగింది, మీసం జారింది. మేఘరాయుడి రూపం ఉన్నచోట ఒంటికాలి మీద నిలబడ్డ రాగి కొంగ ఒకటి కనిపించింది. అంతసేపు అలికిడి లేకుండా కూచోగలిగింది అందుకే. అది కర్కశంగా కూసి, రెక్కలు విప్పి, గవాక్షం పగలగొట్టుకుని ఎగిరిపోయింది. కొలువంతా లేచి నిలబడింది. తామ్రాక్షుడు మాత్రం ఆ కొంగతో తనకేమీ సంబంధం లేనట్టు కదలకుండా నిలబడ్డాడు.

"అయితే పీఠం ఖాళీ," అన్నాడు వాడు తాపీగా. "మూడుమార్లు పిలుస్తారు. ఎవరూ రాకపోతే వచ్చే పున్నమికి మళ్ళీ అడుగుతాను. నాకు తొందర లేదు. ఈ పీఠం సంగతి నాకు తెలుసు."

మేఘరాయుడు గొడుగు మూసి అవ్వ చేతికిచ్చాడు. కంబళి విసిరేశాడు. తలపాగా లేని తలతో, కిందికి వాలిన మీసంతో నడిచివెళ్ళి ఆ గరుకురాయి మీద కూచున్నాడు. కూచోగానే మొహం చిట్లించాడు. రాయి గుచ్చుకుంది.

"వెన్నేరు మళ్ళింపుకు తంగేడు నాడు ఏమంటుంది?" అని అడిగాడు సభాపతి.

"అసమ్మతం!"

పెళ్ళిపందిట్లో అరిచినంత గట్టిగా అరిచాడు. శిఖరంలోని కాకులు లేచిపోయాయి.

సభాపతి చెవిలోంచి వేలు తీసుకుని అన్నాడు. "మంచిది. ఇక తమరు మాట కాయాలి. ముగింపు భేరి మోగేదాకా ఆ పీఠం దిగరాదు. దిగితే అన్నమాట చెల్లదు. మధ్యలో దిగినవాడు సమ్మతం అన్నట్టే లెక్క. తమరు మొదటిసారి కాబట్టి చెబుతున్నాను."

"అందాకా ఏం చేయాలి?"

"వినాలి."

తక్కిన నాళ్ళ పెద్దలు ఒకరి తరువాత ఒకరు లేచి మాట్లాడసాగారు. ఉప్పు సుంకం, దారి మరమ్మతు, గొర్రెల జాడ్యం. మేఘరాయుడు ఒక కాలు మార్చాడు. ఇంకొక కాలు మార్చాడు. తామ్రాక్షుడు చిన్నగా నవ్వి, ఎవరూ చూడకుండా జారుకున్నాడు.

కాసేపటికి వీధిలో గోల వినిపించింది. డప్పులు, కొమ్ములు, ఈలలు. "మేఘరాయా, బయటికి రావయ్యా! ఒక్కసారి కనబడు!" వేలమంది గొంతులు. దొర మెడ తనంతట తానే ద్వారం వైపు తిరిగింది. చేతులు పీఠం అంచుల మీద ఆనాయి. సగం లేచాడు.

అలా సగం లేచే ఆగి, ఆయన రేచనను అడిగాడు. "వాళ్ళు ఏమైనా అడుగుతున్నారా?"

రేచన గవాక్షం దగ్గరకు వెళ్ళి చెవి పెట్టి విన్నాడు. "లేదు దొరా. పిలవడం తప్ప ఏమీ లేదు."

"అయితే కూచుంటాను," అన్నాడు మేఘరాయుడు. కూచున్నాడు. నుదుట చెమట పోసింది. కత్తికి ఎదురు నిలిచినప్పుడు కూడా ఆయనకు అంత చెమట పట్టలేదు.

గోల చప్పున ఆగిపోయింది. నిశ్శబ్దంలో ఒక్క గొంతు వినబడింది. ఆడగొంతు, పైనుంచి, ఆకాశంలోంచి.

"దొరా! కాపాడు దొరా! నన్ను రాగికోటకు లాక్కుపోతున్నారు!"

ఓబులవ్వ చేతిలోని గొడుగు జారిపడింది. అది చెంగలువ గొంతు. పొద్దున తలంబ్రాలు పోయించుకున్న ఆమె మనవరాలి గొంతు. ఈసారి పిలుపు ఒక్కటే కాదు, ఆ గొంతు నిజంగానే అడుగుతోంది.

రేచన గవాక్షంలోంచి తల బయటికి పెట్టాడు. పడమటి ఎండలో మండిపోతున్న రాగిరథం ఒకటి శిఖరాల మీదుగా తిరుగుతోంది. దానికి రాగి కొంగల బారు కట్టి ఉంది. కమ్మీల వెనక పసుపుబట్టల పిల్ల. ఆమె నుదుటి బాసికం ఊడి గాలిలో తిరుగుతూ వచ్చి అతని ముందు రాతి అంచు మీద పడింది. ముట్టుకున్నాడు. దారానికి పసుపు తడి ఇంకా ఉంది. రెండు చీమలు పాకుతున్నాయి.

"నిజమైనదే," అన్నాడు.

మేఘరాయుడు లేస్తే ఏరు పోతుంది, లేవకపోతే పిల్ల పోతుంది. ముగింపు భేరి కొట్టేవాడు ఇంకా కర్ర చేతికి తీసుకోలేదు. గొర్రెల జాడ్యం గురించి చెబుతున్న పెద్ద గొంతు ఎత్తి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మీరు కూచోండి దొరా," అన్నాడు రేచన. తాడు భుజాన వేసుకుని గవాక్షం ఎక్కాడు. రథం రెండోసారి తిరిగి తంగేడు శిఖరం పక్కకు వచ్చింది. ఉచ్చు గాలిలో గిర్రున తిరిగి వెళ్ళి చక్రం ఇరుసుకు పడింది. అతని పాదాలు రాతిమీద నుంచి లేచాయి. తాటికి వేలాడుతూ, హంసవేది మిద్దెల మీదుగా, పిట్ట సకిలింపు దూరమవుతుండగా, పడమటి కొండల వైపు ఒక నల్లచుక్కలా సాగిపోయాడు.

మేఘరాయుడు పీఠం అంచులు రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. గరుకురాయికి అరచేతులు గీరుకుపోయాయి. ఆ రాయి నునుపెక్కడం ఆ పూటే మొదలైంది.

"వస్తారా అవ్వా? ఇద్దరూ తిరిగి వస్తారా?" అని గొణిగాడు.

ఓబులవ్వ వచ్చి ఆయన పాదాల దగ్గర చతికిలబడింది. సొరబుర్ర అడుగున మిగిలిన గుక్కెడు వెన్నేటి నీళ్ళు ఆయన గీరుకుపోయిన అరచేతిలో పోసింది. పడమటి ఆకాశంలో చుక్క కనుమరుగయ్యేదాకా గవాక్షంలోంచి కళ్ళు తిప్పలేదు.

"చూద్దాం నాయనా," అంది.